బోర్డో తెలిసిన మనకి పోతుతాడు ఎందుకు తెలీదు?

గోదావరి నాసిక్ పక్కన త్ర్యంబకేశ్వరంలో పుడుతుంది. పైఠన్ దాటి, నాందేడ్ దాటి, కందకుర్తి, బాసరల దగ్గర తెలంగాణలోకి అడుగుపెడుతుంది. ఇది చిన్నప్పుడు మనందరం బట్టీ పట్టిన భూగోళమే. కానీ ఇదే నదిని గ్లాసు వైపు నుంచి చూస్తే ఇంకో కథ కనిపిస్తుంది. ఎగువన నాసిక్‌లో ద్రాక్షతోటలు. శని ఆదివారాల్లో కార్లేసుకుని జనం వస్తారు, గ్లాసు వంచి రంగు చూస్తారు, వాసన చూస్తారు, ఫోటోలు పెడతారు. దిగువన మన వైపు తాళ్ళు, ఈదులు, ఇంకాస్త ఉత్తరానికి పోతే ఇప్పచెట్లు. అక్కడ తాగేదాన్ని "టేస్టింగ్" అంటాం. ఇక్కడ తాగేదాన్ని "తాగుడు" అంటాం.

ఈ రెండు మాటల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చింది? రుచిలోంచా, చరిత్రలోంచా? ఈ టపా అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ప్రశ్న ఊరికే పుట్టలేదు లెండి. మా గ్యాంగులో ఒకడు ఆన్‌సైటు మీద టౌలూస్‌లో రెండేళ్ళు ఉండి వచ్చాడు. అక్కడినుంచి బోర్డో రైల్లో రెండు గంటలంట. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. ఫలానా ఊరి వైను ఇలా ఉంటుంది, వాగుకి అటు గట్టు మట్టి వేరు, ఇటు గట్టు మట్టి వేరు, అక్కడ భోజనం మూడు గంటలు తింటారు అని. మనం కూడా అందరం కలిసి ఒకసారి ఫ్రాన్సు వైను ఊళ్ళు తిరగాలని లెక్కలేశాం. వీసా, టికెట్లు, లీవులు అన్నీ కూడితే వచ్చిన అంకె చూసి అందరం మౌనం పాటించాం. :) అప్పుడు ఇంకొకడన్నాడు, "అరే, మా అమ్మమ్మగారి ఊరు లక్సెట్టిపేట పక్కన. అక్కడా చెట్టు చెట్టుకీ రుచి మారుతుందంటారు. ముందు అది చూద్దాం పదండి" అని. అలా మార్చి నెలాఖరులో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, నలుగురం ఒక కారులో బయల్దేరాం. హైదరాబాద్ నుంచి ఆర్మూరు, అంకాపూర్, నిజామాబాద్, బోధన్, బాసర. అక్కడినుంచి భైంసా, నిర్మల్, ఉట్నూరు. తిరుగు ప్రయాణం జన్నారం, లక్సెట్టిపేట, కరీంనగర్ మీదుగా.

అంకాపూర్‌లో ఆగి నాటుకోడి కూర తినకుండా ముందుకెళ్ళడం ఆ దారిలో నేరం కింద లెక్క, కాబట్టి మొదటి మజిలీ అక్కడే. మూడు గంటల భోజనం మనకీ చేతనవునని అక్కడే తేలిపోయింది. బాసరలో మాత్రం జ్ఞాన సరస్వతి దర్శనం, గోదావరి స్నానం, పులిహోర. అంతే. ఆ ఊళ్ళో ఇంకో మాటకి తావు లేదు.

కానీ బాసర మెట్ల మీద కూర్చుని ఎగువకి చూస్తుంటే పైఠన్ గుర్తొచ్చింది. అదే శాతవాహనుల ప్రతిష్ఠానపురం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' అనే సముద్ర వ్యాపారాల పుస్తకంలో దాని ప్రస్తావన ఉంది. బరుకచ్ఛం, అంటే ఇప్పటి భరూచ్ రేవులో ఓడల మీంచి దిగే సరుకుల జాబితా కూడా అందులోనే ఉంది. ఆ జాబితాలో వైను ఉంది. అందులోనూ ఇటలీ వైనుకి గిరాకీ ఎక్కువని ప్రత్యేకంగా రాశాడు. అంటే దక్కన్‌లో డబ్బున్నవాళ్ళు విదేశీ వైను కోసం ఎగబడటం నిన్నా మొన్నా సాఫ్ట్‌వేర్ జీతాలతో మొదలైంది కాదు. రెండు వేల ఏళ్ళ జబ్బు!

మరి అప్పుడు మామూలు జనం ఏం తాగేవారు? శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న గాథాసప్తశతిలో గోదావరి ఒడ్డు, ఇప్పచెట్లు (సంస్కృతంలో మధూకం) మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఆ పల్లె మనుషుల ప్రేమలూ, దొంగచాటు కలయికలూ కొన్ని ఇప్పచెట్ల నీడన జరుగుతాయి. 'మధూకం' అనే పేరులోనే 'మధువు' ఉంది. మన కరీంనగర్ ప్రాంతంలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. అంటే ఆ ప్రపంచం మనకేమీ దూరం కాదు. అప్పటికీ రేవులో దిగిన ద్రాక్షసారాయి ఉంది, ఊళ్ళో రాలిన ఇప్పపువ్వూ ఉంది. కానీ ఒకటి గొప్ప, ఒకటి నేరం అన్న విభజన లేదు. ఆ విభజన చాలా ఆలస్యంగా, కాగితాల మీద వచ్చింది.

ఆ కాగితాల సంగతికి ముందు ఒకసారి ఫ్రాన్సు వెళ్ళొద్దాం (టికెట్టు అక్కర్లేదు).

ఫ్రెంచివాళ్ళ వైను మొదటినుంచీ ఇప్పుడున్నంత పవిత్రంగా ఉందని అనుకుంటాం. అస్సలు కాదు. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్షతీగల వేళ్ళు తినేసి, రెండు మూడు దశాబ్దాల్లో దేశంలో తోటల్ని నాశనం చేసింది. వైను కొరత వచ్చింది. కొరత వస్తే ఏమవుతుందో మనకి చెప్పాలా? కల్తీ వచ్చింది. ఎండు ద్రాక్ష నానబెట్టి, పంచదార కలిపి, రంగులు వేసి దొంగ వైను అమ్మారు. తోటలు మళ్ళీ నాటాక కూడా ఆ కల్తీ ఆగలేదు. అసలు వైను ధర పడిపోయింది. అప్పుడు 1907లో దక్షిణాన లాంగెడాక్ ప్రాంతం రైతులు తిరగబడ్డారు. నాయకుడు మార్సెలిన్ ఆల్బెర్ అనే ఒక చిన్న రైతు, ఊళ్ళో కాఫీ హోటలు నడుపుకునేవాడు. జూన్ 9న మాంపెలియే ఊళ్ళో జరిగిన సభకి లక్షలమంది వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే మనుషులు పోయారు. ఆ నెల తిరక్కుండానే, జూన్ 29న, కల్తీని అరికట్టే చట్టం వచ్చింది.

అక్కడితో ఆగలేదు. 1935లో ఫ్రాన్సు ప్రభుత్వం 'అపెలాసియాన్' పద్ధతి తెచ్చింది. ఈ పేరుతో అమ్మాలంటే ఈ ఊరి హద్దుల్లో, ఈ రకం ద్రాక్షతో, ఎకరానికి ఇంతకు మించకుండా, ఈ పద్ధతిలోనే చెయ్యాలి. మన భాషలో చెప్పాలంటే స్పెసిఫికేషన్ రాసి, సంతకాలు పెట్టించి, ఆడిట్ కూడా పెట్టారు. దాన్ని రాసింది కూడా ఢిల్లీలో కూర్చున్న గుమాస్తాలాంటివాడు కాదు. ఎక్కడి రైతుల సంఘం అక్కడ కూర్చుని రాసుకుంది. ప్రభుత్వం దానికి చట్టం బలం ఇచ్చింది. మా టౌలూస్ మిత్రుడు మట్టి, ఎండ, గాలి అని ఎంత మురిసిపోయినా, ఆ సీసా మీద ఊరి పేరు నమ్మదగినదిగా నిలబడింది 1907 రైతుల వల్ల, 1935 గెజెట్ వల్ల. రుచి సగం మట్టిలో ఉంటుంది. మిగతా సగం గెజెట్‌లో ఉంటుంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. సరిగ్గా అదే కాలంలో, 1316 ఫసలీలో (అంటే 1906-07), హైదరాబాద్ సంస్థానంలో కూడా ఒక చట్టం వచ్చింది. హైదరాబాద్ ఆబ్కారీ చట్టం. ఫ్రాన్సులో చట్టం "కల్తీ చెయ్యకూడదు" అంది. ఇక్కడ చట్టం "మమ్మల్ని అడక్కుండా గియ్యకూడదు, కాచకూడదు, అమ్మకూడదు" అంది. తేడా ఒక్క వాక్యంలో ఉంది కానీ, తర్వాత నూరేళ్ళ కథ మొత్తం ఆ వాక్యంలోంచే నడిచింది.

నిజాం సర్కారుకి ఆబ్కారీ అంటే పెద్ద రాబడి. భూమి శిస్తు తర్వాత చెప్పుకోదగ్గ ఆదాయాల్లో అది ఒకటి. పద్ధతి గుత్త. ఒక ప్రాంతం హక్కుని వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడికి గుత్త. వాడు సర్కారుకి కట్టాల్సింది కట్టి, దానిపైన ఎంత పిండుకోగలిగితే అంత వాడిది. ఇందులో కల్లు బాగుందా, చెట్టు బతుకుతుందా, గీసేవాడు బతుకుతున్నాడా అన్న ప్రశ్నకి ఖాళీ గడి కూడా లేదు. చెట్టు లెక్కలో ఉంటుంది, రుచి లెక్కలో ఉండదు. ఏది కొలిస్తే అదే మిగులుతుందని మనం ఆఫీసుల్లో రోజూ చూస్తూనే ఉంటాం కదా. ఇక్కడ కొలిచింది ఒక్క రాబడినే.

గీసేవాడి పరిస్థితి ఇంకా అన్యాయం. ఊళ్ళో దొర గడీకి వెట్టి కింద కొన్ని చెట్ల కల్లు ఊరికే పొయ్యాలి. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకంలో వెట్టి వివరాలు చెబుతూ ఈ సంగతీ రాశారు. అంటే పైన సర్కారు పన్ను, మధ్యలో గుత్తేదారు, పక్కన దొర. చెట్టెక్కి ప్రాణం పణం పెట్టేవాడు అందరికన్నా కింద. ఫ్రాన్సులో రైతుకి తన వైను మీద తన ఊరి పేరు వేసుకునే హక్కు వస్తున్న రోజుల్లో, ఇక్కడ గౌండ్లవాడికి తన చెట్టు మీదే హక్కు లేదు.

మేం బోధన్ దాటుతున్నప్పుడు మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పక్కనుంచే వెళ్ళాం. 1937లో పెట్టారు, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటని చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని ఇక్కడెందుకు తెస్తున్నానంటే, చక్కెర ఫ్యాక్టరీ అంటే మొలాసిస్, మొలాసిస్ అంటే స్పిరిట్. సంస్థానంలో ఒకప్పుడు 'సారా' అంటే ఎక్కువగా ఇప్పపువ్వుతో కాచింది. సర్కారు కాగితాల్లో దాన్ని గుల్‌మొహ్వా అనేవారు. అడవి నుంచి పువ్వు రావాలి, అది ఒక్క కాలంలోనే వస్తుంది. మొలాసిస్‌కి కాలం లేదు, ఊరు లేదు, రుచి అంతకన్నా లేదు. లెక్క రాసుకోవడానికి మాత్రం చాలా సుళువు. మెల్లగా సారా అంటే స్పిరిట్‌లో నీళ్ళు కలిపిందే అయింది. 1980ల్లో 'వారుణి వాహిని' అని సర్కారే ప్యాకెట్లలో అమ్మింది. పాత పేరు అలాగే ఉంది, లోపలి సరుకు పూర్తిగా మారిపోయింది. వేరియబుల్ పేరు మార్చకుండా టైపు మార్చినట్టు!

నిర్మల్‌లో చరిత్ర ఒక చిన్న వేళాకోళం చేసింది. ఆ ఊరి చుట్టూ ఉన్న కోటల్లో కొన్నిటిని నిజాం కొలువులోని ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని చెబుతారు. "చూడండ్రా, ఫ్రాన్సు ట్రిప్పు కూడా అయిపోయింది" అని నవ్వుకున్నాం. అయితే నిర్మల్‌లో అసలు చూడాల్సింది బొమ్మలు. పొనికి చెక్కతో చేసే ఆ బొమ్మలకి జీఐ ముద్ర ఉంది. అంటే ఆ పేరుతో ఇంకెక్కడో చేసి అమ్మితే కుదరదు. ఫ్రెంచివాడి అపెలాసియాన్‌కి మన దేశం రాసుకున్న రూపం అదే. 1999లో చట్టం చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలకీ ఆ ముద్ర ఉంది. నాసిక్ వ్యాలీ వైనుకి ఉంది. గోవా ఫెనీకి 2009లోనే వచ్చింది. ఫెనీ కూడా ఒకప్పుడు నాటుసారా లాంటిదే సుమా. జీడిమామిడి పండు రసం పులియబెట్టి ఊళ్ళో కాచేది. గోవావాళ్ళు దాన్ని సిగ్గుపడి దాచుకోలేదు, పేరు పెట్టి నిలబెట్టుకున్నారు.

ఉట్నూరు దారిలో తెల్లవారుజామునే లేచి ఇప్పచెట్ల కింద పువ్వు ఏరేవాళ్ళని చూశాం. ఇప్పపువ్వు రాత్రి విచ్చి, తెల్లారేసరికి రాలుతుంది. లేత పసుపు రంగు, గుండ్రంగా, గుజ్జుతో, నోట్లో వేసుకుంటే చక్కెర. కిందంతా ఊడ్చి శుభ్రంగా పెట్టుకున్నారు. పిల్లలూ ఆడవాళ్ళూ గంపలతో ఏరుతున్నారు. ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుపోతుంది, ఏడాదంతా నిలవుంటుంది. కూరల్లో వేస్తారు, రొట్టెల్లో వేస్తారు, ఇప్పగింజల నూనె తీస్తారు. కరువొస్తే అదే తిండి. గోండుల దగ్గర దేవుడికీ, చనిపోయిన పెద్దలకీ సారా చుక్క ధారపోయకుండా ఏ కార్యమూ జరగదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక నిజాం సర్కారు గోండుల స్థితి తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త సాయం తీసుకుంది. ఆయన మార్లవాయిలో ఉండి, 1948లో 'ఆదిలాబాద్ రాజగోండులు' అనే పుస్తకం తెచ్చాడు. భీం అడిగింది జల్, జంగల్, జమీన్. జంగల్ అంటే కట్టె ఒక్కటే కాదు కదా, పువ్వు కూడా. తన చెట్టు కింద రాలిన పువ్వుతో తన దేవుడికి కాచుకునేది ఏ తెల్లారో నేరమైపోయిందంటే, అది గోండు చేసిన పని మారడం వల్ల కాదు. కాగితం మారడం వల్ల.

మేం ఇప్పసారా తాగలేదు. ఇంట్లో కాచడం ఇప్పటికీ చట్టప్రకారం నేరమే, ఆ నేరం భారం మాలాంటి సరదా జనం మీద కాదు, పోసినవాళ్ళ మీద పడుతుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు మాత్రం డబ్బాలకి డబ్బాలు కొన్నాం. నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి చేస్తారు. బోర్డో మిత్రుడు కళ్ళు మూసుకుని నమిలి, "ఎండు అంజీరు, కొంచెం పొగ వాసన" అని తీర్పు చెప్పాడు. వీడు మారడు.

ఇక లక్సెట్టిపేట వైపు. ఆ అమ్మమ్మగారి ఊరి బయట ఒక మండువలో అరవై దాటిన గౌడు ఒకాయన పోశాడు. మొదటిసారి మోకు, ముస్తాదు దగ్గరగా చూశాను. నడుముకి కత్తులపొది, లొట్టి, భుజాన మోకు. అరవై అడుగుల తాడు చెట్టు మీదికి మనం మెట్లెక్కినట్టు ఎక్కేశాడు. దిగాక తాటాకు మడిచి దొప్ప చేసి పట్టుకోమన్నాడు, పైనుంచి ధారగా పోశాడు. పక్కన గుడాలు, వేడి వేడి సర్వపిండి. గంట కిందట దించిన కల్లు తియ్యగా, చల్లగా, నాలుక మీద సన్నగా చురుక్కుమంటూ ఉంది. మనం నగరంలో విన్న 'కల్లు' అనే మాటకీ దీనికీ సంబంధమే లేదు.

"చెట్టు చెట్టుకు రుచి మారుతదంటరు, నిజమేనా కాకా?" అని మావాడు అడిగాడు.

"మారకేంది బిడ్డా! కట్ట మీది తాడు వేరు, చెల్కల తాడు వేరు. నీళ్ళకాడి చెట్టు కల్లు పల్చగుంటది. చెల్కది చిక్కగ, తియ్యగుంటది. పరుపుతాడు ఒక తీరు, పోతుతాడు ఒక తీరు, పండుతాడు ఇంకో తీరు. ఈతకల్లు సంగతి మల్ల వేరే. కండ్లు మూసి పోసినా ఏ చెట్టుదో చెప్త."

మా టౌలూస్ మిత్రుడు దొప్ప పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బోర్డోలో సూటు వేసుకున్న మనిషి వాగుకి అటు గట్టు, ఇటు గట్టు అని చెప్పింది ఇదే కదా! అక్కడ దానికి డిగ్రీ ఇస్తారు, సీసా మీద రాస్తారు. ఇక్కడ అది ఒక ముసలాయన నాలుక మీద మాత్రమే ఉంది. బ్యాకప్ లేదు.

"మీ కొడుకులు ఎక్కుతరా?" అంటే నవ్వాడు. "ఒకడు గల్ఫుల, ఒకడు కరీంనగర్ల ఆటో. ఊర్లె ఎక్కేటోళ్ళం ఇప్పుడు నలుగురమే. పడితే నడుము పోతది బిడ్డా, ఎవడిస్తడు పిల్లను?" 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో చెట్టు మీంచి పడకుండా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తెలంగాణ వచ్చాక చెట్టు పన్నూ రద్దయింది. మంచి పనులే. నూరేళ్ళు ఆలస్యంగా వచ్చిన మంచి పనులు.

కల్లుకి ఒక స్వభావ దోషం ఉంది, అది ఒప్పుకోవాలి. వైను నిలవుంటుంది, కల్లు నిలవదు. లొట్టిలో పడుతుండగానే గాల్లో ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు, మర్నాటికి పుల్లటి వెనిగర్ దారి. కాబట్టి అది తన ఊళ్ళో, తన పూట తాగాల్సిన సరుకు. దాన్ని నగరానికి, వేల మందికి, రోజంతా అమ్మాలంటే లెక్క కుదరదు. చెట్లు చాలవు, సమయం చాలదు. ఆ కుదరని లెక్కని కుదిర్చిందే క్లోరల్ హైడ్రేట్. తర్వాత డైజిపామ్, ఆల్ప్రజోలమ్. నీళ్ళు, చక్కెర, తెల్లరంగు, మత్తుమందు కలిపితే 'కల్లు'. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు పెంచగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకి జనం పిచ్చిపట్టినట్టు వణుకుతూ వచ్చారు. కల్లు మానేస్తే రాని లక్షణాలవి, మత్తుమందు మానేస్తే వచ్చేవి. 2025 జూలైలో మన కూకట్‌పల్లిలోనే కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మనలో చాలామంది అద్దెకుండే చోటు నుంచి నడిచి వెళ్ళేంత దూరం అది. చనిపోయినవాళ్ళు కూలీనాలీ చేసుకునేవాళ్ళు.

వార్త చదివి మనం ఏమంటాం? "ఈ కల్లు దుకాణాలు మూసెయ్యాలి." నగరంలో 2004లో మూశారు కూడా, 2014లో మళ్ళీ తెరిచారు. మూసినా తెరిచినా ఏ సీసాలో ఏముందో చెప్పే ఏర్పాటు మాత్రం అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు. ఫ్రాన్సు 1907లో ఎదుర్కొన్న సమస్య ఇదే. కొరత, కల్తీ, పడిపోయిన నమ్మకం. వాళ్ళు అసలైనదానికి పేరిచ్చి కల్తీని బయటికి నెట్టారు. మనం అసలైనదాన్నీ కల్తీదాన్నీ ఒకే మాటతో పిలిచి, రెండిటినీ కలిపి తిట్టాం. అప్పుడు నష్టపోయేది ఎప్పుడూ అసలైనదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. "తాగుడుని గొప్ప చేస్తున్నావా బాబూ?" అని. లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నేను ఈ దేశ చరిత్రలో గొప్ప ఉద్యమాల్లో ఒకటిగా లెక్కేస్తాను. దానివల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది, ఎందుకంటే ఖజానా ఖాళీ. మళ్ళీ అదే ఆబ్కారీ లెక్క. ఆ ఆడవాళ్ళు కొట్లాడింది ఏ సారా మీద? రెక్కల కష్టం సాయంత్రానికి మింగేసే ప్యాకెట్ సారా మీద, దాన్ని లక్ష్యాలు పెట్టి మరీ అమ్మిన వ్యవస్థ మీద. చావుకీ పెళ్ళికీ దేవుడికీ చుక్క ధారపోసే ఇప్పసారా మీద కాదు. ఎంత అమ్మితే అంత లాభం అనుకునే సర్కారు ఉన్నంతకాలం తాగుడు తగ్గదు, రుచీ బతకదు. నా ఉద్దేశంలో ఆ ఇద్దరి శత్రువూ ఒకడే.

ప్రభుత్వం తలుచుకుంటే ఏమవుతుందో చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మళ్ళీ గోదావరి ఎగువకే వెళ్దాం. నాసిక్‌లో వైను తరతరాల సంప్రదాయమేమీ కాదు. సులా మొదటి సీసా 2000లో వచ్చింది. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష విధానం తెచ్చి, వైనుకి ఎక్సైజు సుంకం మినహాయించింది. పాతికేళ్ళలో అక్కడ తోటలు, టేస్టింగులు, జీఐ పేరు, మనలాంటి టూరిస్టులు. అరువు తెచ్చుకున్న ద్రాక్షకి పాతికేళ్ళలో అంత గౌరవం తెచ్చి పెట్టగలిగితే, రెండు వేల ఏళ్ళుగా గాథల్లో ఉన్న ఇప్పకి ఎందుకు తేలేం? మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాని వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించి, ఆదివాసీ బృందాల చేత సీసాల్లో పెట్టించే పని మొదలుపెట్టింది. మన దగ్గర 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ వచ్చింది. ఉట్నూరు లడ్డూలు ఉన్నాయి. అంటే దారి లేదని కాదు.

నాకు తోచిన స్పెసిఫికేషన్ చాలా చిన్నది. ఒకటి, ఏ ఊరి చెట్టు, ఏ గీత కార్మికుడు, ఏ పూట దించింది అన్నది సీసా మీదో లొట్టి మీదో ఉండాలి. రెండు, మత్తుమందు పరీక్ష దుకాణం దగ్గరే జరగాలి, ఫలితం బయట బోర్డు మీద రాయాలి. మూడు, ఇప్పపువ్వు మీద మొదటి హక్కు ఏరినవాళ్ళది. ఏది అమ్మాలో, ఏది దేవుడికి ఉంచుకోవాలో వాళ్ళే చెప్పాలి. ఈ నియమాలు సచివాలయంలో కాదు, గీత సొసైటీల్లో, గోండు గూడేల్లో రాయాలి. నాలుగోది మన వంతు. నగరంలో ఏడాది పొడుగునా, రోజంతా దొరికే కల్లు కల్లు కాదని మనం తెలుసుకోవాలి. చెట్టు ఇచ్చినప్పుడు, చెట్టు దగ్గర తాగేదే కల్లు.

నలుగురు మిగిలిన ఊళ్ళో ఇద్దరయ్యేలోపు ఇది జరగాలి. ఎందుకంటే అపెలాసియాన్ రాయాలన్నా ముందు పరుపుతాడుకీ పోతుతాడుకీ తేడా చెప్పగల నాలుక ఒకటి ఉండాలి. దాన్ని మళ్ళీ ఏ గెజెట్టూ పుట్టించలేదు.

మీ ఊళ్ళో ఇలా చెట్టు పేరు చెప్పి కల్లు పోసేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు కూర్చుని అడగండి, వాళ్ళు చెప్పింది ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి. బోర్డో ఎక్కడికీ పోదు, తర్వాత చూడొచ్చు.